పిల్లలమర్రి చీకటికి ఒకటి, వాడపల్లి కొంగలకు ఒకటి



ఈ మధ్య మీరు రాస్తున్న ఉత్తరాల్లో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. సూర్యాపేట నుంచి రాసినా, కోదాడ నుంచి రాసినా, మిర్యాలగూడ నుంచి రాసినా సారాంశం ఇదే: "కెమెరా కొనుక్కున్నాం. దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్ ఉంది. ఇంకోటి తీసుకుందామనుకుంటున్నాం. ఇరవై వేలకు మించి పెట్టలేం. ఏది కొనమంటారు?" విడివిడిగా జవాబులు రాసే బదులు అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. మనం తిరిగే నేల ఒకటే కాబట్టి ఇది కుదురుతుంది. అవే గుళ్లు, అవే జాతరలు, అవే కాలువలు, అవే వరి పొలాలు. లెన్స్ సంగతి తేల్చుకోవాలంటే తేల్చుకోవలసినవి రెండే: వెలుగు ఎంత, దూరం ఎంత. ఆ రెండూ మన దగ్గర ఎలా ఉంటాయో ఎక్కడో కూర్చుని వీడియోలు చేసేవాళ్ల కంటే మనకే బాగా తెలుసు.

నా మాట ముందే చెప్పేస్తాను. మీలో చాలామందికి మొదట కావలసింది పొడవాటి జూమ్ కాదు, ఎఫ్/1.8 ఉన్న చిన్న ప్రైమ్ లెన్స్. రెండోది 55-250 లాంటి టెలీ, అదీ సెకండ్ హ్యాండ్‌లో. వైడ్ లెన్స్ చివరికి. ఎందుకంటున్నానో చెప్పాలంటే మన ఊళ్ల మీదుగా ఒక చుట్టు చుట్టాలి.

అంతకంటే ముందు ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. ఇన్నాళ్లూ తీసిన ఫొటోల్ని కంప్యూటర్‌లో తెరవండి. ఒక్కో ఫొటో ప్రాపర్టీస్‌లోకి వెళ్తే ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశారు, ఎఫ్ నంబర్ ఎంత, షట్టర్ ఎంత, ఐఎస్ఓ ఎంత అన్నీ రాసి ఉంటాయి. బాగా వచ్చినవి వదిలేసి చెడిపోయినవి చూడండి. సగానికి పైగా 55 దగ్గరే తీసి, అయినా మనిషో పిట్టో చిన్నగా పడి ఉంటే మీకు టెలీ కావాలి. 18 దగ్గర తీసి, గోడకు వీపు ఆనించినా అందరూ ఫ్రేములో పట్టకపోతే వైడ్ కావాలి. షట్టర్ సెకనులో 15వ వంతు, 20వ వంతు అని కనిపిస్తూ మొహాలు చెదిరిపోయి ఉంటే మీకు తక్కువైంది వెలుగు. దానికి మందు ప్రైమ్ లెన్సే. మిర్యాలగూడ మిత్రుడొకరు 70-300 కొంటున్నానని రాశారు. ఆయన పంపిన ఫొటోలు చూస్తే పిల్లలు, ఇల్లు, ట్యూబులైటు వెలుగు, సాయంత్రం వాకిట్లో బతుకమ్మ. అన్నీ 20కి 35కి మధ్యలో తీసినవే, అన్నీ చెదిరినవే. 300 మిల్లీమీటర్లు ఆయనకు ఎందుకు పనికొస్తాయి?

ఇప్పుడు పిల్లలమర్రికి వెళదాం. సూర్యాపేట పక్కనే కాబట్టి మనలో దాదాపు అందరూ మొదట కెమెరా పట్టుకుని వెళ్లేది అక్కడికే. కాకతి గణపతిదేవుడి కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లవి. ఎరకేశ్వరాలయం 1208 నాటిది. బయట ఎండ కళ్లు చెదరగొడుతూ ఉంటుంది. గడప దాటి మండపంలో అడుగు పెట్టగానే నున్నగా సానపట్టిన నల్లరాతి స్తంభాలు, వాటి మధ్య చీకటి. కంటికి అలవాటు పడటానికే కాస్త టైం పడుతుంది. కెమెరాకు ఆ అలవాటు పడటం ఉండదు. వచ్చిన వెలుగుతోనే సరిపెట్టుకోవాలి.

కిట్ లెన్స్‌ను 55కి లాగితే దాని నోరు ఎఫ్/5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. ఎఫ్/1.8 ప్రైమ్ అదే వెలుగులో దాదాపు పది రెట్లు ఎక్కువ కాంతిని లోపలికి పంపుతుంది. కిట్ లెన్స్‌తో సెకనులో 10వ వంతు పట్టే ఫొటో దీంతో 100వ వంతులో అయిపోతుంది. చేతిలో పట్టుకుని 10వ వంతులో తీస్తే స్తంభం మీద చెక్కిన చిన్న బొమ్మల అంచులు కరిగిపోతాయి. 100వ వంతులో ఉలి గీత కూడా కనిపిస్తుంది. ఇది పుస్తకంలో లెక్క కాదు, అక్కడ నిలబడి రెండు లెన్సులూ మార్చి చూస్తే ఎవరికైనా తెలిసిపోయే తేడా.

నల్లరాయి దగ్గర ఇంకో చిక్కుంది. కెమెరా లోపలి మీటరు తన ముందున్నదాన్ని బూడిదరంగు అనుకుంటుంది. ఫ్రేము నిండా నల్లరాయి ఉంటే "చీకటిగా ఉంది, ఇంకా వెలుగు పోయాలి" అని ఫొటోను తెల్లబరుస్తుంది. రాయి నునుపు పోయి సిమెంటు దిమ్మ మాదిరి తయారవుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ ఒకటికి దించండి. అప్పుడు నలుపు నలుపుగా ఉండి, ద్వారం వైపు నుంచి స్తంభం మీద జారే వెలుతురు ఒక్కటే మెరుస్తుంది. పొద్దు వాలినప్పుడు పక్కవాటంగా పడే ఎండలో ఇది ఇంకా బాగుంటుంది.

సరే, ప్రైమ్ అంటే ఏ ప్రైమ్? అందరి నోటా వినిపించేది 'ఫిఫ్టీ'. కెనాన్ వాళ్ల 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 ఎస్‌టీఎమ్ 2015లో వచ్చింది. బరువు 160 గ్రాములే. కొత్తది పదివేలకు అటూ ఇటూగా దొరికే అసలైన ప్రైమ్. మొహాలు తీయడానికి దానికి సాటి లేదు. కానీ ఒక్క విషయం చూసుకోండి. మన దగ్గరుండే 1500డి, 200డి లాంటి బాడీల్లో సెన్సర్ చిన్నది. అందుకే 50 కాస్తా 80 మాదిరి పనిచేస్తుంది. మనిషి తలనుంచి పాదాల దాకా ఫ్రేములో పట్టాలంటే కెమెరా నిలువుగా తిప్పి పట్టుకున్నా నాలుగు మీటర్లు వెనక్కి జరగాలి. మన ఇళ్లలో ఏ గదిలో నాలుగు మీటర్ల ఖాళీ ఉంటుంది? మంచం, బీరువా, కూలర్ పోగా మిగిలేది రెండు మీటర్లు. అదే 24 మిల్లీమీటర్లయితే ఆ రెండు మీటర్లలోనే నిలువెత్తు మనిషి వచ్చేస్తాడు.

అందుకే బయట మొహాలు తీసేవాళ్లకు 50, ఇంట్లో పిల్లల్ని, పండుగల్ని తీసేవాళ్లకు 35 గానీ 24 గానీ అంటాను. నికాన్ వాళ్లకు ఈ విషయంలో అదృష్టం బాగుంది. వాళ్ల డీఎక్స్ 35 ఎఫ్/1.8జి సరిగ్గా ఈ అవసరానికి తయారైనట్టు ఉంటుంది. 200 గ్రాముల బరువు, 30 సెంటీమీటర్ల దగ్గర నుంచి ఫోకస్ అవుతుంది. 2009 నుంచి వస్తోంది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో పుష్కలం. కెనాన్‌లో 24 ఎఫ్/2.8 ఎస్‌టీఎమ్ ఉంది. రెండు వేళ్ల మధ్య ఇమిడిపోయే పల్చటి లెన్స్. ఎఫ్/2.8 అంటే 1.8 అంత వెలుగు రాదు గానీ కిట్ కంటే నయం. కోదాడ మిత్రులు నడిగూడెం కోటకు వెళ్తే ఇలాంటి లెన్సే చాలు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారిది ఆ కోట. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టడానికి చెయ్యి వేసిన పెద్దల్లో ఆయనొకరు. అలాంటి చోట గోడలు, కమానులు, తలుపులు దగ్గరగా నిలబడి చూడవలసినవి.

తలుపులంటే గుర్తొచ్చింది. వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్ గారు తీసిన తెలంగాణ దర్వాజాల ఫొటోలు దొరికితే తప్పక చూడండి. 2022లో ఆయన పోయారు. రంగు వెలిసిన తలుపు, పసుపు రాసిన గడప, ముందు కూర్చున్న మనిషి, అంతే ఉంటుంది ఫ్రేములో. బతుకమ్మనూ పల్లె మనుషుల్నీ ఆయన ఏళ్ల తరబడి అదే శ్రద్ధతో తీశారు. ఏ లెన్స్ కొనాలా అని కొట్టుకునేవాళ్లు ఒక సాయంత్రం ఆ ఫొటోలతో గడిపితే ఎంత దగ్గరికి వెళ్లాలో, ఎక్కడ ఆగాలో బోధపడుతుంది.

ఎఫ్/1.8 ఉంది కదా అని ఎప్పుడూ దాన్నే తెరిచి పెట్టకండి. మీటరున్నర దూరంలో మనిషిని 50తో ఎఫ్/1.8లో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు ఆరు సెంటీమీటర్లే. కన్ను బాగుంటే చెవి కరిగిపోతుంది. ఒక్క మొహమైతే అది అందం. అమ్మమ్మ చుట్టూ మనవలు కూర్చున్న ఫొటోలో మాత్రం ముందు వరస ఉండి వెనక వరస పోతుంది. గ్రూపు ఫొటోకు ఎఫ్/4, ఎఫ్/5.6 దాకా మూయాలి. మరో మాట. 'ఎఫ్/1.4 అయితే ఇంకా బాగుంటుందట' అని కొందరు రాశారు. 1.8 నుంచి 1.4కి వెళ్తే పెరిగే వెలుగు ఒకటిన్నర రెట్ల కంటే కాస్త ఎక్కువ, అంతే. పెరిగే ధర దాదాపు మూడింతలు. ఆ డబ్బుతో ఒక టెలీ వచ్చేస్తుంది.

ఇక పెద్దగట్టు. సూర్యాపేట నుంచి విజయవాడ వైపు వెళ్తే దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర. తెలంగాణలో మేడారం తర్వాత పెద్దది ఇదేనని చెప్పుకుంటాం. 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా జరిగింది. మళ్లీ 2027లో వస్తుంది. అక్కడ అసలు ఫొటోలన్నీ రాత్రివే. ఫ్లడ్‌లైట్ల కింద దుమ్ము లేస్తూ ఉంటుంది, గజ్జెల లాగులు కట్టుకున్నవాళ్లు భేరీల మోతకు అడుగులేస్తుంటారు, "ఓ లింగా" అన్న కేక గుట్ట కింది నుంచి పైదాకా పాకుతుంది. ఊగుతున్న మనిషి నిలబడాలంటే షట్టర్ కనీసం 250వ వంతు ఉండాలి. ఐఎస్ఓ 3200 పెట్టి ఎఫ్/1.8 తెరిస్తే ఆ వెలుగులో అది సాధ్యం. అదే చోట ఎఫ్/5.6 అయితే షట్టర్ 25వ వంతుకు పడిపోతుంది. ఫొటోలో మనుషులు కాదు, రంగుల చారలు మిగులుతాయి. లెన్సులో స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు కొందరు. అది మన చేతి వణుకును ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపదు. ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుంటే కొనేటప్పుడు సగం తికమకలు పోతాయి.

జాతరలో లెన్స్ మార్చే పని పెట్టుకోకండి. ఒక్క లెన్సుతో వెళ్లి దాంతోనే తిరిగి రండి. ఆ దుమ్ములో బాడీ నోరు తెరిస్తే సెన్సర్ మీద మచ్చలు పడతాయి, అవి తర్వాత ప్రతి ఆకాశంలోనూ కనిపిస్తాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లోనూ ఇంతే. ఊక, తవుడు గాలిలో తేలుతూ ఉంటాయి. బాయిల్డ్ రైస్ పట్టే చోట ఆవిరి కూడా కలుస్తుంది. పైకప్పు రేకుల సందుల్లోంచి ఎండ కడ్డీలుగా దిగే దృశ్యం కోసం ఎంత దూరమైనా వెళ్లవచ్చు గానీ లెన్స్ మార్చడం మాత్రం మిల్లు గేటు బయటే. యజమాని అనుమతి, హమాలీల సమ్మతి అడగకుండా కెమెరా ఎత్తకండి. బస్తా మోసే మనిషికి తన మొహం మీద హక్కుంది. పెద్దగట్టు మీద బోనమెత్తిన ఆడవాళ్ల విషయంలోనూ అదే వర్తిస్తుంది.

టెలీ గురించి చెప్పమని ఎదురుచూస్తున్నవాళ్లకు ఇప్పుడు చెబుతాను. నాగార్జునసాగర్ నుంచి 1967లో నీళ్లు వదిలిన దగ్గర్నుంచి ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరికి మళ్లాయి. నీళ్లున్న చోటికి పిట్టలొచ్చాయి. నాట్లకు ముందు దమ్ము చక్రాల ట్రాక్టర్ బురదలో తిరుగుతుంటే దాని వెనకే తెల్లకొంగలు గుంపుగా దిగి, చక్రం లేపిన పురుగుల్ని ఏరుకుంటూ నడుస్తాయి. కరెంటు తీగల మీద పాలపిట్ట, మన రాష్ట్ర పక్షి. వానాకాలంలో బావి మీదికి వంగిన చెట్టు కొమ్మలకు గిజిగాడి గూళ్లు. వాడపల్లిలో కృష్ణలో మూసీ కలిసే చోట రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, పుట్టిలో వల వేసే జాలరి. వీటిలో ఏదీ 55కి అందదు.

కెనాన్ 55-250 ఎస్‌టీఎమ్ 2013లో వచ్చింది. 375 గ్రాములు. చిన్న సెన్సర్ బాడీ మీద దాని 250 కాస్తా 400 అంత దగ్గరికి లాగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో పది వేల లోపే తిరుగుతోంది. ఊరినిబట్టి, సీజన్‌నుబట్టి వెయ్యి రెండు వేలు అటూ ఇటూ. నికాన్ వాళ్లకు 55-200 వీఆర్, 70-300 వీఆర్ రకాలున్నాయి. ఒక్క జాగ్రత్త: ఐఎస్, వీఆర్, వీసీ, ఓఎస్ అని కంపెనీకో పేరుతో రాసే స్టెబిలైజేషన్ లేని పాత 70-300, 75-300 లెన్సులు చవగ్గా కనిపిస్తాయి. వాటిని ముట్టుకోకండి. 300 దగ్గర చేతి వణుకు నిలబడదు, బొమ్మ మెత్తగా వస్తుంది, విసుగొచ్చి లెన్స్ అలమారకెక్కుతుంది.

ఈ టెలీ లెన్సులకు పొద్దున ఎండ కావాలి. చివరి కొసన ఎఫ్/5.6 కాబట్టి ఏడు నుంచి తొమ్మిదింటి లోపు తీయండి, ఎగిరే కొంగకు షట్టర్ వెయ్యో వంతు పెట్టండి. బురద ముదురు రంగు, కొంగ తెలుపు. మీటరు బురదను చూసి ఫొటోను వెలిగిస్తే కొంగ ఒంటి మీద ఈక అన్నది కనిపించదు, సున్నం పూసినట్టు తెల్లగా పోతుంది. ఇక్కడా మైనస్సే పెట్టాలి. ఇంకోటి, పిట్టలు ట్రాక్టర్లకూ బండ్లకూ అలవాటు పడి ఉన్నాయి, మనిషికి కాదు. బండి గట్టు మీద ఆపి, ఇంజిన్ ఆపేసి, దిగకుండా సీటు మీదే కూర్చుని తీయండి. కాలు కింద పెట్టగానే మొత్తం గుంపు లేస్తుంది. 600 మిల్లీమీటర్ల లెన్స్ లేని లోటును ఈ ఓపిక చాలావరకు తీరుస్తుంది.

వైడ్ లెన్స్‌ను చివరికి నెట్టానని కొందరికి కోపం రావచ్చు. ఫణిగిరి చూసినవాళ్లకు మరీను. నాగారం మండలంలో ఆ కొండ మీద ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ స్తూపం, విహారాలు పరుచుకుని ఉంటాయి. అక్కడ దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లాయి. కొండ మీద నిలబడితే ఆ విశాలమంతా ఒక్క ఫ్రేములో పట్టాలనిపించడం సహజం. కెనాన్ 10-18 లాంటి వైడ్ ఆ పని చేస్తుంది, చవకైన వైడ్‌లలో మంచిదే. కానీ స్తూపం ఎక్కడికీ కదలదు. మీ 18-55నే 30 దగ్గర పెట్టి, కెమెరా నిలువుగా పట్టుకుని, ఒక్కో ఫ్రేములో మూడో వంతు ముందుదాని మీదికి వచ్చేలా ఆరేడు ఫొటోలు వరసగా తీయండి. ఎక్స్‌పోజర్, ఫోకస్ మాన్యువల్‌లో ఉంచండి. కంప్యూటర్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్లే వాటిని అతికిస్తాయి. ఏ వైడ్ లెన్సూ ఇవ్వనంత వివరం ఉన్న ఫొటో వస్తుంది. పెళ్లి పందిట్లో మనుషుల్ని ఇలా అతికించలేం కాబట్టి ఆ పని చేసేవాళ్లు వైడ్ కొనుక్కోవలసిందే. మిగతావాళ్లు ఆగవచ్చు.

మాక్రో లెన్స్ కూడా విడిగా వద్దు. తొలకరికి చేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఎర్రటి మఖమల్ ఒళ్లు, గోరంత కూడా లేని పురుగు. దాన్ని తీయాలంటే మీ 50కీ బాడీకీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబులు పెట్టుకోండి. వాటిలో గాజు ఉండదు, ఉత్త గొట్టాలు. అందుకే చవక. లోపల కరెంటు కాంటాక్టులు ఉన్న రకమే తీసుకోవాలి, లేకపోతే కెనాన్ లెన్సులో ఎఫ్ నంబర్ మార్చడం కుదరదు. ఎఫ్/8, ఎఫ్/11కి మూసి, మోచేతులు నేలకు ఆనించి, ఫోకస్ రింగు తిప్పకుండా ఒళ్లు ముందుకూ వెనక్కూ కొద్దిగా జరుపుతూ తీయండి. పురుగు కదిలేలోపు వరసగా పది నొక్కండి.

ఇక సెకండ్ హ్యాండ్ సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇరవై వేలలో రెండు లెన్సులు రావాలంటే దారి ఇదే. మన పట్టణాల్లో పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఒక్కొక్కరే మిర్రర్‌లెస్‌కు మారుతున్నారు. వాళ్ల పాత డీఎస్ఎల్ఆర్ లెన్సులు అమ్మకానికి వస్తున్నాయి. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నుంచి, కెనాన్ ఈఎఫ్ 1987 నుంచి ఉన్నవి కాబట్టి సరుకుకు కొదవలేదు. రేపు మీరు మిర్రర్‌లెస్ కొనుక్కున్నా కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా పనిచేస్తాయి. ఊళ్లో ఫొటోగ్రాఫర్ అన్న దగ్గర కొంటే ఇంకో లాభం. నాలుగు రోజులు వాడి చూస్తానంటే సరేనంటారు, ఏదైనా తేడా వస్తే మొహం చూసి మాట్లాడవచ్చు.

మీ బాడీ వెంట తీసుకెళ్లండి. ముందు లెన్స్‌ను వెలుగులోకి తేకుండా కాస్త చీకటి మూలకు పట్టుకెళ్లి రెండు మూతలూ తీయండి. ఫోన్ టార్చి వెలిగించి వెనక వైపు నుంచి ఏటవాలుగా లోపలికి కొట్టి, ముందు వైపు నుంచి చూడండి. టార్చిని నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. ఒకటీ అరా ధూళి కణాలు కనిపిస్తాయి, వాటితో ఫొటోకు ఏమీ కాదు. గాజు అంచు నుంచి మధ్యకు సాలెపోగుల్లా తెల్లగా కొమ్మలు చాచుకున్న గీతలు కనిపిస్తే అది ఫంగస్. ఎంత తగ్గించి ఇస్తానన్నా వెనక్కి ఇచ్చేయండి. గాజంతా పల్చటి పొగ పట్టినట్టు ఉంటే అదీ వద్దు. నికాన్ లెన్సయితే వెనక చిన్న మీట ఉంటుంది. దాన్ని వేలితో జరిపి వదిలితే లోపలి రేకులు టక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే రేకుల మీద నూనె దిగిందని అర్థం.

తర్వాత ఒక దినపత్రిక పేజీని గోడకు నాలుగు మూలలా అతికించండి. కెమెరాను బల్ల మీద పెట్టి, పేజీకి సూటిగా ఉంచి, ఎఫ్ నంబర్ పూర్తిగా తెరిచి తీయండి. స్క్రీన్ మీద పెద్దది చేసి నాలుగు మూలల్లోని అక్షరాలు చదవండి. నాలుగూ సమానంగా కొద్దిగా మెత్తబడితే పరవాలేదు, అది లెన్స్ స్వభావం. మూడు బాగుండి ఒక మూల మాత్రం అలుక్కుపోతే లెన్స్ ఎప్పుడో కింద పడి లోపలి గాజు పక్కకు జరిగి ఉంటుంది. ముందు రింగు మీద సొట్ట ఉందేమో వేలు తిప్పి చూడండి. అదీ పడిన గుర్తే. చివరగా ఆటోఫోకస్ దగ్గర్నుంచి దూరానికి, దూరం నుంచి దగ్గరికి పదిసార్లు మార్చండి. మోటారు శబ్దం ఒకేలా ఉండాలి.

ఎప్పుడో ఒకసారి మాత్రమే కావలసిన పెద్ద లెన్సుల్ని కొనొద్దు, అద్దెకు తెచ్చుకోండి. 70-200 ఎఫ్/2.8 లాంటివి స్టూడియోల దగ్గర ఉంటాయి. ముహూర్తాలున్న రోజుల్లో అడిగితే ఎవరూ ఇవ్వరు, అవి వాళ్ల బతుకుదెరువు. ఆషాఢంలో, మూఢంలో వాళ్లకూ పని తక్కువ, అప్పుడు అడిగితే రోజు అద్దె కూడా తగ్గుతుంది. పాత లెన్స్ బేరమాడటానికీ అదే అదను.

కొన్నాక దాచుకోవడం. మన వానాకాలం తేమకు ఫంగస్ త్వరగా పడుతుంది. తోలు సంచిలో, గుడ్డ సంచిలో నెలల తరబడి ఉంచకండి. వంటింట్లో వాడే మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా కొని, అందులో సిలికా జెల్ పొట్లాలూ, కొన్ని వందల్లో దొరికే తేమ మీటరూ పెట్టండి. తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారితే పెనం మీద సన్నని సెగకు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. పట్టుచీరల అలమారలో కలరా ఉండల పక్కన మాత్రం వద్దు, ఆ ఆవిరి లెన్స్ పూతకు మంచిది కాదు. అన్నిటికంటే, వారానికోసారైనా బయటికి తీసి వాడండి. వెలుగు తగిలే లెన్స్‌కు ఫంగస్ అంత తొందరగా రాదు.

ఇప్పుడు మీ వంతు. మీ చెడిపోయిన ఫొటోలు చూసి ఏం తేలిందో రాయండి. ఎన్ని మిల్లీమీటర్లు, ఏ ఎఫ్ నంబర్, ఏ షట్టర్, ఎక్కడ తీశారు, ఏం తీయాలనుకుని కుదరలేదు, ఇవన్నీ రాస్తే మీ డబ్బు దేని మీద పెట్టాలో కచ్చితంగా చెప్పగలను. ఒకే రకం బాడీ ఉన్న ముగ్గురు నలుగురు ఒక ఊళ్లో ఉంటే తలా ఒక లెన్స్ కొనుక్కుని మార్చుకోవచ్చు కూడా. కోదాడలో అలాంటి జట్టు ఒకటి తయారవుతోందని విన్నాను, సంతోషం. మిగతా రెండు ఊళ్లవాళ్లూ ఆలోచించండి.

ఉంటాను,
మీ ఫొటోల కోసం ఎదురుచూసే
మీ మిత్రుడు

తా.క.: నికాన్ వాళ్లకు ఒక హెచ్చరిక రాయడం మరిచాను. డి3000, డి5000 వరసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా వస్తోందని పాత 50 ఎఫ్/1.8డి కొంటే ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉన్నదే తీసుకోండి. ఏఎఫ్-పి అని ఉన్నవి కొత్త బాడీల మీద బాగుంటాయి, డి3100, డి5100 లాంటి పాతవాటి మీద అసలు ఫోకస్ కావు. అడ్వాన్స్ ఇచ్చే ముందే మీ బాడీకి తగిలించి ఒక్క ఫొటో తీసి చూడండి.